బడి భద్రతకు పనికిరాని ఏడు సలహాలు

2024 ఫిబ్రవరి 8న చెన్నైలో 13 ప్రైవేటు బడులకు బాంబు పెట్టామంటూ ఈమెయిళ్లు వచ్చాయి. వాటిలో కొన్ని అంబత్తూరుకు దగ్గర్లో ఉన్న ముగప్పేరు, జేజే నగర్, అణ్ణానగర్ ప్రాంతాల బడులు. పోలీసులు గాలించారు. బాంబేమీ దొరకలేదు. కానీ ఆ పూట తల్లిదండ్రులు ఎక్కడి పని అక్కడ వదిలేసి బడి గేట్ల దగ్గరికి పరుగెత్తారు.

ఇలాంటిది జరిగిన ప్రతిసారీ సలహాలకు కొదవుండదు. అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేటులో పనిచేస్తూ పిల్లల్ని ఇక్కడి బడుల్లో చదివించుకుంటున్న తెలుగువాళ్లకూ అవి చేరుతుంటాయి. మంచి మనసుతో చెప్పేవే. పాటిస్తే మాత్రం పిల్లలకు చేటు.

1. "బెదిరింపు మెయిల్ తీసెయ్యండి, బయటికి పొక్కితే బడి పరువు పోతుంది."

ఆ మెయిలే సాక్ష్యం. అది ఏ దారిన వచ్చిందో చెప్పే సమాచారం దానిలోనే దాగి ఉంటుంది. ఫార్వర్డ్ చేసినా, స్క్రీన్‌షాట్ తీసినా ఆ సమాచారం రాదు. అసలు మెయిల్ అలాగే ఉంచి, 112కు ఫోన్ చేయాలి. అది ఉత్తుత్తిదో కాదో తేల్చాల్సింది పోలీసులు, ప్రిన్సిపాల్ కాదు. 2025 జూన్‌లో పలు రాష్ట్రాలకు ఇలాంటి మెయిళ్లు పంపారన్న ఆరోపణపై చెన్నైకి చెందిన ఒక ఇంజినీరును అహ్మదాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. ఎన్ని ముసుగులు వేసుకున్నా ఒక చిన్న పొరపాటే పట్టిచ్చిందని వాళ్లు చెప్పారు. మెయిల్ చెరిపేస్తే ఆ పొరపాటూ చెరిగిపోతుంది.

2. "వెంటనే పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టెయ్యండి."

గ్రూపులో పడిన క్షణం నుంచి గేటు ముందు బండ్లు నిండిపోతాయి. లోపలికి రావాల్సిన పోలీసు వాహనానికి దారుండదు. పిల్లల్ని ఎక్కడికి చేరుస్తారో, ఎవరికి అప్పగిస్తారో, ఏ నంబరు నుంచి కబురొస్తుందో ఏడాది మొదట్లోనే బడి చెప్పి ఉంచాలి. ఆ కబురు వచ్చేదాకా తల్లిదండ్రులు ఆగాలి. ఆగడం కష్టమే, కానీ ఆ గంటలో పిల్లలకు మనం చేయగల సాయం అదే.

3. "పిల్లల వివరాలు ఎన్ని తీసుకుంటే అంత మంచిది."

ఆధార్ జిరాక్సు, కులం, తండ్రి జీతం, బ్యాంకు ఖాతా అన్నీ ఒకే ఎక్సెల్ షీటులో, ఆఫీసులో అందరూ తెరిచే కంప్యూటర్లో ఉంటే అది పోవడానికి పెద్ద హ్యాకరే అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వపు దీక్షా యాప్‌లో ఒక సర్వరుకు రక్షణ లేకపోవడంతో 10 లక్షలకు పైగా ఉపాధ్యాయుల, దాదాపు 6 లక్షల విద్యార్థుల సమాచారం బయటపడిందని 2023 జనవరిలో తేలింది. తీసుకోని వివరం పోదు. అవసరం తీరిన వివరాన్ని చెరిపేయాలి. 18 ఏళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా చెబుతోంది.

4. "ఫోన్ చేసినవాళ్లు బాబు పేరు, తరగతి సరిగ్గా చెప్పారంటే నిజమైనవాళ్లే."

పై తప్పుకు మూల్యం చెల్లించేది ఇక్కడే. విద్యాశాఖ నుంచి మాట్లాడుతున్నామని, స్కాలర్‌షిప్ వచ్చిందని, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమని అంటారు. వివరాలు సరిగ్గా ఉన్నాయంటే అవి ఎక్కడో లీకయ్యాయని అర్థం. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు. పిన్ అడిగారంటే డబ్బు మీ ఖాతా నుంచి పోతోంది. ఫోన్ పెట్టేసి, బడి నంబరుకు మీరే చేసి అడగండి.

5. "నెలనెలా పాస్‌వర్డ్ మార్చండి."

మారుస్తారు, చివరి అంకె మాత్రమే. తర్వాత దాన్ని చీటీ మీద రాసి మానిటరుకు అంటిస్తారు. ఊరికే మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. లీకైందని తెలిసినప్పుడు మారిస్తే చాలు. పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండాలి, రెండో దశ ధ్రువీకరణ ఉండాలి, క్లర్కుకో లాగిన్, టీచరుకో లాగిన్ విడివిడిగా ఉండాలి.

6. "హ్యాకర్లు డబ్బడిగితే ఇచ్చేసి గొడవ వదిలించుకోండి."

బడుల రికార్డులు చూసే అమెరికా కంపెనీ పవర్‌స్కూల్ ఆ పనే చేసింది. 2024 డిసెంబరులో దొంగిలించిన ఒక లాగిన్‌తో 19 ఏళ్ల కుర్రాడు 6 కోట్లకు పైగా విద్యార్థుల సమాచారం ఎత్తుకుపోయాడు. చెరిపేస్తామన్న మాట నమ్మి కంపెనీ డబ్బిచ్చింది. 2025 మేలో అదే సమాచారం చూపించి నేరుగా బడులనే బెదిరించారు. రికార్డులు తెరవనివ్వకుండా లాక్ చేసి డబ్బడిగినా లొంగకుండా ఉండాలంటే, బడికి కావాల్సింది ఇంటర్నెట్‌తో సంబంధం లేకుండా విడిగా దాచిన బ్యాకప్. డేటా చోరీలాంటి ఘటన తెలిసిన 6 గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 ఏప్రిల్‌లో జారీ అయిన నిబంధన ఉంది.

7. "ఫోన్ లాక్కోండి, పీడ పోతుంది."

అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా ఇదే. ఆన్‌లైన్లో పరిచయమైనవాడు నగ్న ఫొటోలు బయటపెడతానని బెదిరిస్తుంటే, చెబితే తిట్లు తప్పవని, ఫోన్ పోతుందని అనుకున్న పిల్ల నోరు విప్పదు. బెదిరించేవాడికి కావాల్సింది ఆ మౌనమే. "తప్పు నీది కాదు, నాకు చెప్పావు, చాలు" అని ముందు అనాలి. డబ్బు పంపకూడదు, చాట్ చెరపకూడదు. సాక్ష్యమని ఆ ఫొటోను ఇంకొకరికి పంపడమూ తగదు, 18 ఏళ్లలోపువారి అలాంటి చిత్రాలు పంచడం ఐటీ చట్టం 67బి కింద నేరం. ఫొటోను ఎవరికీ అప్పగించకుండానే దాన్ని కొన్ని సోషల్ మీడియా వేదికల నుంచి తీయించడానికి టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది.

చాటుకు పెట్టడం, తొందరపడడం, అడగకుండా నమ్మడం: ఈ సలహాలన్నిటికీ వేళ్లు ఇక్కడే ఉన్నాయి. పిల్లల్ని కాపాడేది త్వరగా చెప్పే అలవాటు, చెప్పినవాళ్లను శిక్షించని బడి. ఈసారి పేరెంట్స్ మీటింగులో మార్కుల మాట అయ్యాక మూడు ప్రశ్నలు అడగండి: మా పిల్లల వివరాలు ఎవరెవరు చూడగలరు? బ్యాకప్ ఎక్కడుంది? పిల్లకు కష్టమొస్తే బడిలో ఎవరికి చెప్పుకోవాలి? జవాబు రాకపోతే వచ్చేదాకా అడగండి. సైబర్ మోసానికి 1930, పిల్లల సాయానికి 1098. ఈ రెండు నంబర్లూ ఈ రోజే మీ పిల్లలతో కంఠస్థం చేయించండి.