ఉడికించినా చావనిది, నీళ్లకు చచ్చింది

ఇంగ్లండులోనూ అమెరికాలోనూ వసంతం వచ్చిందంటే నర్సరీల ముందు వరుసలో లూయిసియా ప్రత్యక్షమవుతుంది. దళసరి ఆకులు గుండ్రంగా పేర్చినట్టున్న చిన్న మొక్క, దాని నెత్తిన గులాబీ, నారింజ, పసుపు రంగుల్లో చారల పూలు. కుండీకి గుచ్చిన చీటీ మీద దాదాపు ఇదే మాట ఉంటుంది: రాతితోటకు అనువైనది, పెద్దగా శ్రద్ధ అక్కర్లేదు, ఏటేటా పూస్తుంది. కొన్నవారు మురిసిపోతూ ఇంటికి తెచ్చి, ఎరువు దండిగా కలిపిన మెత్తటి మట్టిలో నాటి, ఎక్కడ దాహమేస్తుందోనని పొద్దునా సాయంత్రం నీళ్లు పోస్తారు. నెల తిరక్కుండానే మొక్క మొదలంటా కుళ్లిపోతుంది. ఆ తర్వాత తీర్పు వెలువడుతుంది: ‘ఈ ఊరి వాతావరణం దానికి పడలేదు.’

వాతావరణం మీద అభాండం వేసే ముందు ఈ జాతి ఎలాంటి మొండిఘటమో తెలుసుకోవాలి. 1806 జులై 1న మెరివెదర్ లూయిస్ అనే అన్వేషకుడు మోంటానాలోని ట్రావెలర్స్ రెస్ట్ విడిది దగ్గర దీన్ని వేళ్లతో సహా పెరికి, ఎండబెట్టి, తూర్పు తీరానికి మోసుకెళ్లాడు. ఫిలడెల్ఫియాలో మెక్‌మాన్ అనే తోటల వ్యాపారి ఆ ఎండు వేరును మట్టిలో పెడితే చిగురించి ఏడాదికి పైగా బతికింది. 1814లో ఫ్రెడరిక్ పర్ష్ ఈ మొక్కకు లూయిస్ పేరు మీదుగా లూయిసియా అనీ, చచ్చి బతికింది కనుక రెడివైవా అనీ పేరు పెట్టాడు. పూలు చూసే భాగ్యం మాత్రం తనకు దక్కలేదని, అంతలోనే ఏదో ప్రమాదం జరిగి మొక్క పోయిందని రాసుకున్నాడు. ఆ ప్రమాదం ఏమిటో చెప్పలేదు. నీళ్ల డబ్బాను అనుమానించే హక్కు నేటి పాఠకులకు ఉంది.

అంతకన్నా ఘోరం మరొకటి జరిగింది. బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు లయల్, అమెరికా సరిహద్దు సర్వేలో ఉండగా సేకరించిన ఇదే జాతి మొక్కను, ఎండబెడుతుంటే పెరగడం మానడం లేదని, మరుగుతున్న నీళ్లలో ముంచారు. ఏడాదిన్నర గడిచాక దానిలో ప్రాణం కదిలింది. 1863 మే నెలలో లండన్‌లోని క్యూ ఉద్యానవనంలో పూసింది. సలసల కాగే నీళ్లకు లొంగని జాతి అది. దాని బంధువును పెరటి తోటమాలి చన్నీళ్లతో, అదీ ప్రేమగా, నెలలోపే చంపగలుగుతున్నాడంటే ప్రతిభ ఎవరిదో వేరే చెప్పాలా?

నర్సరీల్లో ఎక్కువగా అమ్ముడయ్యేది లూయిసియా కోటిలెడన్, దాని సంకరాలు. దీని పుట్టిల్లు ఉత్తర కాలిఫోర్నియా, దక్షిణ ఆరెగాన్‌ల మధ్య సిస్కియూ కొండలు. పోర్ట్‌లాండ్‌లో కాపురముంటున్న తెలుగువారు పొద్దున కారెక్కితే సాయంత్రానికి చేరిపోవచ్చు. అక్కడ ఇది చదును నేలలో ఉండదు. కొండ చరియల పగుళ్లలో, ఎక్కువగా ఎండ సూటిగా తగలని వైపున, పక్కకు ఒరిగి వేలాడుతుంది. వాన కురిస్తే నీరు ఆకుల మధ్య నిలవకుండా జారిపోతుంది. వేరు మాత్రం రాతి సందుల్లోకి లోతుగా దిగి, అక్కడి చల్లదనాన్ని పట్టుకుని వేసవి గడిపేస్తుంది. ఈ ఏర్పాటంతా కాపాడేది వేరూ ఆకులూ కలిసే మెడను. అక్కడ తడి నిలిచిందా, కుళ్లు మొదలైనట్టే. మనవాళ్లేమో దాన్ని చదునుగా, మెడ దాకా మట్టి కప్పి నాటి, తులసికోటకు పోసినట్టు సరిగ్గా నడినెత్తిన చెంబెడు నీళ్లు కుమ్మరిస్తారు.

నీరు దిగాలనే సంగతి తెలిసినవారు మరో రకం. కుండీ అడుగున గులకరాళ్లు పరిచి, పైన అదే బంకమట్టి నింపి, ‘డ్రైనేజీ’ చేశామని గుండె మీద చెయ్యి వేసుకుంటారు. మెత్తటి మట్టిలోని నీరు దాదాపు పూర్తిగా నానితే తప్ప కింది రాళ్లలోకి దిగదు. కాబట్టి రాళ్లు పోసినంత మేర ఆ తడి పొర వేరుకు ఇంకాస్త దగ్గరకు జరుగుతుంది, అంతే. గరుకు ఇసుక, చిన్న కంకర మట్టిలోనే కలవాలి. మెడ చుట్టూ మరో పిడికెడు కంకర పడాలి. ఆ రెండూ నర్సరీ ఫోటోల్లో అందంగా కనిపించవు కాబట్టి కాబోలు, ఎవరికీ గుర్తుండవు.

రాతితోట అంటే రాళ్లే అనుకునే జబ్బు కొత్తదేం కాదు. హెన్లీ పట్టణంలో సర్ ఫ్రాంక్ క్రిస్ప్ అనే సంపన్న లాయరు ఫ్రయర్ పార్కులోని తన తోటలో ఏకంగా మాటర్‌హార్న్ పర్వతానికే నమూనా కట్టించాడు. దాని శిఖరాన అసలు పర్వతం నుంచి తెప్పించిన రాయి, వాలుల మీద రేకు కొండమేకలు! మొక్కల పండితుడు రెజినాల్డ్ ఫారర్ 1914లో మిత్రుడు బౌల్స్ పుస్తకానికి రాసిన ముందుమాటలో ఇలాంటి ఆర్భాటాలను ఎత్తిపొడిచాడు. పేరు ఎత్తకపోయినా గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడు. క్రిస్ప్ బదులుగా కరపత్రమే అచ్చేయించాడు. ఇప్పటి పెరళ్లలో మాటర్‌హార్న్ లేదు, నిజమే. బజారులో కొన్న నాలుగు తెల్లరాళ్లు, ప్లాస్టిక్ కప్ప, మధ్యలో ఊపిరాడని లూయిసియా ఉన్నాయి.

మోంటానా తన రాష్ట్ర పుష్పంగా 1895లో ఎన్నుకున్న రెడివైవాది ఇంకో నాటకం. పూలు విచ్చే వేళకే దాని ఆకులు వాడిపోతాయి. పూత అయ్యాక మొక్కంతా మట్టిలోకి ముడుచుకుని వేసవి పొడుగునా నిద్రపోతుంది. చచ్చిపోతోందని హడలిపోయిన యజమాని నీళ్లు రెట్టింపు చేస్తాడు. అప్పుడు నిజంగానే చస్తుంది.

ఈ మొక్క తీరు తెలిసినవారు లేకపోలేదు. సేలిష్ ఆదివాసులు తరతరాలుగా దీని దుంపవేరును వసంతంలో, పూత రాకముందే, కర్రలతో తవ్వి, చేదు పొట్టు ఒలిచి, ఉడికించి తింటున్నారు. తొలి వేరు తీసేటప్పుడు వేడుకగా ప్రార్థన చేస్తారు. వారికి ఈ విద్య నేర్పడానికి కుండీకి చీటీ గుచ్చినవాడెవడూ లేడు. 1805లో రుచి చూసిన లూయిస్‌కు మాత్రం చేదుతో కడుపులో తిప్పింది.

మన పప్పులోకి వచ్చే గంగవాయిలి కూర ఉన్న కుటుంబంలోనే వృక్షశాస్త్రవేత్తలు లూయిసియాను కూడా చాలాకాలం ఉంచారు, ఈమధ్యే వేరు చేశారు. గంగవాయిలి ఎంత తడిని ఓర్చుకున్నా ఈ కొండజాతి దూరపు చుట్టం ఓర్చుకోదు. కాబట్టి లూయిసియా వాడిపోయిందని ఇంకో చెంబు నీళ్లు పట్టుకొచ్చే ముందు ఒక్కసారి దాని మెడను వేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే చెంబు తిరిగి లోపల పెట్టేయండి. మెత్తగా తగిలిందా, చీటీ చదివింది చాలు, నర్సరీకి వెళ్లి ఇంకోటి కొనుక్కోండి. వాళ్ల వ్యాపారం సాగేది మీ దయ వల్లే.