కునుకని పెద్దాయన

గోదావరి డెల్టాలోని క్రైస్తవ సంఘాలలో, విశేషించి పాలకొల్లు, నరసాపురం పరిసరాలలో, అరవై అయిదేళ్లు దాటి, ఉద్యోగ విరమణ పొంది, నెలనెలా పింఛను అందుకుంటూ, పిల్లలు స్థిరపడి, అప్పులు తీరి, చింతించడానికి న్యాయమైన కారణం ఒక్కటీ మిగలని స్థితిలో రాత్రి రెండు గంటలకు దోమతెరలో కళ్లు తెరుచుకుని పడుకుని ఉండే ఒక రకం పెద్దమనిషి తప్పక కనిపిస్తారు. ఈ రకానికి ‘కునుకని పెద్దాయన’ అని పేరు పెట్టవచ్చు. ఆయన రోగి కారు, కనీసం తన దృష్టిలో కారు. నిద్రలేమిని ఆయన సంఘంలో తనకు దక్కిన ఒక పదవిగా, ఎన్నికలు లేనందువల్ల పోటీ కూడా లేని పదవిగా భావిస్తారు.

ఈ పదవి వెనుక కొంత చరిత్ర ఉంది. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాల కృషితో ఈ ప్రాంతంలో వేళ్లూనిన గోదావరి డెల్టా మిషన్ బ్రదరన్ సంప్రదాయానికి చెందినది. అంటే జీతం తీసుకునే పురోహిత వర్గమంటూ లేకుండా సంఘ బాధ్యతను పెద్దలే పంచుకునే, ఆదివారం రొట్టె విరిచే కూడికలో ఏ సహోదరుడైనా లేచి ప్రార్థించగలిగే పద్ధతి. ఈ పద్ధతిలో సమానత్వం ఉంది, సరళత ఉంది. అయితే జీతమిచ్చి చింతించడానికి ఎవరినీ నియమించుకోని చోట చింత అందరి మీదా పడుతుంది గనుక అందులో సింహభాగాన్ని కునుకని పెద్దాయన ఎవరూ అడగకుండానే నెత్తిన వేసుకుంటారు. లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలలోనూ ఈ రకం లేకపోలేదు గాని, అక్కడ పాస్టరు గారు ఉంటారు గనుక, పాస్టరు గారు సరిగా చింతించడం లేదన్న చింత అదనంగా మోయవలసి వస్తుంది.

పెద్దాయన రాత్రి ఏడున్నరకు భోజనం ముగించి, వీధి గేటు తాళాన్ని రెండుసార్లు లాగి చూసి, గ్యాసు సిలిండరు కట్టేశారా అని భార్యను ఒకసారి అడిగి, ఆమె సమాధానం మీద నమ్మకం లేక స్వయంగా వంటింట్లోకి వెళ్లి చూసి, నీళ్ల మోటారు స్విచ్చి, దోమతెర నాలుగు మూలలు, దిండు కింద టార్చిలైటు వరుసగా తనిఖీ చేసి, ఎనిమిదిన్నరకు మోకాళ్లూనుతారు. ఆయన ప్రార్థన విస్తారమైనది, క్రమబద్ధమైనది. ముందు సువార్త అందని దేశాలు, తరువాత ఇశ్రాయేలు, ఆ పిమ్మట ప్రభుత్వాలు, అధికారులు, మందిరం పైకప్పు, హైదరాబాదులో కొడుకు ఫ్లాటు వాయిదాలు, కువైట్‌లో ఉన్న కూతురి వీసా, చివరగా బావమరిది చెరువులో రొయ్యల కౌంటు ధర (కౌంటు అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య, అది పెరిగిన కొద్దీ ధర పడిపోతుంది గనుక అంశం ప్రార్థనార్హమే) ఒకదాని వెంట ఒకటి దేవుని సన్నిధిలో సమర్పితమవుతాయి. ఆమేన్ అనగానే సమస్యలన్నీ శాస్త్రోక్తంగా దేవుని చేతికి వెళ్లినట్టే లెక్క. కాని తల దిండుకు ఆనిన పది నిమిషాలలో ఆయన వాటిని అదే వరుసలో తిరిగి తీసుకుంటారు. పేరున్న లాయరుకు వకాల్తా ఇచ్చి, వాయిదా రోజున ఆ లాయరును కూర్చోబెట్టి తానే లేచి వాదించే కక్షిదారుకూ ఈయనకూ పెద్ద తేడా లేదు.

ఇక్కడ నిద్ర లెక్కను కొంచెం పరిశీలించాలి. ఎనిమిదిన్నరకు ప్రార్థన మొదలుపెట్టి తొమ్మిదింటికి నిద్రలోకి జారిన మనిషి రెండింటికి మెలకువ వచ్చేసరికే అయిదు గంటలు నిద్రపోయి ఉంటారు. మధ్యాహ్నం చేపల పులుసు తరువాత పడక కుర్చీలో ‘కాస్త నడుం వాలుస్తానండి’ అంటూ తీసే రెండు గంటల కునుకును దీనికి కలిపితే మొత్తం ఏడు గంటలవుతుంది. పెద్దవారికి వైద్యులు చెప్పే ఏడెనిమిది గంటల నిద్ర ఇంచుమించు పూర్తయినట్టే. వయసుతో గాఢనిద్ర పాలు తగ్గుతుంది, రాత్రి మధ్యలో మెలకువలు పెరుగుతాయి, నిద్రవేళనూ మెలకువవేళనూ నడిపే శరీరంలోని జీవగడియారం ముందుకు జరుగుతుంది. పెందలాడే నిద్ర ముంచుకొచ్చి, పెందలాడే మెలకువ రావడం ఆ వయసుకు సహజం. ఈ సంగతి ఆయనకు ఎవరైనా చెప్పినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే పడక కుర్చీలో తీసిన కునుకును ఆయన నిద్ర ఖాతాలో రాయరు. అది విశ్రాంతి.

పాలకొల్లు పంచారామాలలో ఒకటైన క్షీరారామం ఉన్న ఊరు. శైవులకు పవిత్రమైన అయిదు ఆరామాలలో ఒకటి కావడం వల్ల కార్తీకమాసంలో తెల్లవారకముందే ఊరు లేస్తుంది. ఆ నెల రోజులూ ఇరుగుపొరుగు హిందూ కుటుంబాలు పెద్దాయన నిద్రలేమిని ఒక సామాజిక వనరుగా వినియోగించుకోవడం కద్దు. ‘మేష్టారూ, రేపు సోమవారమండి, నాలుగింటికి కాస్త లేపుతారా’ అని ముందురోజు సాయంత్రం గోడమీంచి అడుగుతారు. ఆయన ‘ఆయ్, దానికేం భాగ్యమండి, మనం మేలుకునే ఉంటాం గదా’ అంటూ ఒప్పుకుంటారు. అన్న మాట ఒక్క నిమిషం కూడా తప్పరు. ఆ నెలలో ఆయన కొంత ఉల్లాసంగా ఉండటం గమనించదగిన విషయం: మేలుకోవడానికి ఒక పని దొరికితే మెలకువ బాధించదు.

కాని మిగిలిన పదకొండు నెలలూ ఆయనను పీడించేది మెలకువ కంటే దాని అర్థం. దేవుడు తన ప్రియులకు నిద్రను వరంగా ఇస్తాడన్న భావం 127వ కీర్తనలో ఉంది. వరం రాలేదంటే తాను ప్రియుల జాబితాలో లేనా అన్న అనుమానం రెండున్నరకు మొదలై మూడింటికి ముదురుతుంది. నిద్ర పట్టలేదన్న చింతే నిద్రను తరిమేస్తుందన్నది నిద్రవైద్యంలో బాగా స్థిరపడిన విషయం. విశ్వాసికి ఆ చింత మీద అవిశ్వాసినేమోనన్న రెండో అంతస్తు కూడా లేస్తుంది. సంఘంలో దీనికి ఆజ్యం పోసేవారికి కొదవలేదు, ‘భారం ప్రభువు మీద వేస్తే నిద్ర ఎందుకు పట్టదండి’ అని వారు సులువుగా అంటారు. ఇలా అనేవారు రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయాన్ని మరోసారి చదవడం మంచిది: చావే మేలని కోరుకుంటూ చెట్టు కింద కూలబడిన ఏలీయాకు దేవదూత బోధ చేయలేదు, రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు.

ఆయన అసలు చిక్కు 121వ కీర్తన దగ్గర ఉంది. ఇశ్రాయేలును కాపాడే దేవునికి కునుకు లేదని ఆ కీర్తన చెబుతుంది. కాపలా ఉన్నది గనుక మనం పడుకోవచ్చునని సామాన్య విశ్వాసి దాన్ని అర్థం చేసుకుంటాడు. పెద్దాయన మాత్రం పైఅధికారి మేలుకుని ఉండగా కింది ఉద్యోగి నిద్రపోవడం మర్యాద కాదన్నట్టు, ముప్ఫయ్యేళ్ల సర్వీసు నేర్పిన క్రమశిక్షణతో, రాత్రి డ్యూటీలో దేవునికి తోడుగా కూర్చుంటారు. దీనికి తిరుగులేని రుజువు ఆదివారం ఉదయం దొరుకుతుంది. రాత్రి రెండింటి నుంచి రెప్ప వేయని ఆ మనిషి, వాక్యోపదేశం మొదలైన ఏడో నిమిషంలో, ఫ్యాను కింద, మూడో వరుసలో, పసిబిడ్డలా నిద్రపోతారు. మందిరంలో బోధకుడు మేలుకుని ఉన్నాడు, సంఘమంతా మేలుకుని ఉంది, గేటు తాళం మరొకరి బాధ్యత. కాపలా చేతులు మారింది గనుక నిద్ర వచ్చింది. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడిపోయిన ఐతుకు అనే యువకుణ్ణి బోధకులు హెచ్చరికగా చెబుతారు గాని, పెద్దాయన కిటికీ దగ్గర కూర్చోకుండా ఆ పాఠాన్ని పూర్తిగా పాటిస్తున్నారు. ఎక్కడో ఆమేన్ వినబడితే ఉలిక్కిపడి లేచి, అది ముగింపు అనుకుని తానే ఒక ప్రార్థన మొదలుపెట్టిన సందర్భాలు బ్రదరన్ కూడికలలో అరుదేమీ కావు, సంప్రదాయం అందుకు అనుమతిస్తుంది కూడా.

మాత్ర విషయంలో ఆయనది మధ్యేమార్గం. నిద్రమాత్ర మింగడం అవిశ్వాసమని భయం, మింగకపోతే తెల్లవారదని భయం; అందువల్ల మాత్రను రెండు ముక్కలు చేసి సగం వైద్యానికి, సగం విశ్వాసానికి కేటాయిస్తారు. ఆల్‌ప్రాజోలం వంటి మందులు పెద్దవయసులో తూలి పడటానికి, మతిమరుపుకు దారితీస్తాయి గనుక డాక్టర్లు వాటిని వీలైనంత దూరం పెట్టమంటారు, ఏళ్ల తరబడి వాడినదాన్ని డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా మానడం కూడా ప్రమాదమే. దీర్ఘకాలిక నిద్రలేమికి మొదట ఇవ్వవలసింది మందు కాదనీ, ఆలోచనలనూ అలవాట్లనూ సరిదిద్దే ప్రవర్తనా చికిత్స అనీ అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సూచించింది. రిచర్డ్ బూట్‌జిన్ 1972లో ప్రతిపాదించిన పద్ధతి అందులో ఒక భాగం: మంచం నిద్రకే పరిమితం కావాలి, నిద్ర పట్టకపోతే లేచి వేరే చోట, మసక వెలుతురులో, ఏదైనా ప్రశాంతమైన పని చేసుకుని, నిద్ర ముంచుకొచ్చినప్పుడే తిరిగి రావాలి. మంచం మీద దొర్లుతూ చింతించే మనిషికి మంచమే చింతకు గుర్తుగా మారుతుందని దీని వెనుక తర్కం.

విచిత్రమేమిటంటే, పెద్దాయన దగ్గర ఇందుకు కావలసిన సామగ్రి అంతా ముందే ఉంది. వరండాలో కుర్చీ, కళ్లకు శ్రమలేని పెద్ద అక్షరాల బైబిలు, చేతులారా రాసుకునే ప్రార్థన నోటుపుస్తకం. బేలర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్కల్లిన్ బృందం 2018లో ప్రచురించిన ప్రయోగంలో, పడుకునే ముందు అయిదు నిమిషాలపాటు రాబోయే పనుల జాబితా రాసినవారు, అయిపోయిన పనులు రాసినవారికంటే త్వరగా నిద్రపోయారు. పాల్గొన్నవారు యువతీయువకులే అయినా, చింతను కాగితం మీద దించడంలోని సుఖం ఏ వయసుకైనా అర్థమయ్యేదే. పెద్దాయన నోటుపుస్తకం రాస్తారు, నిజమే. కాని దాన్ని మూయరు. మూసినా కాసేపటికి టార్చిలైటు వేసి, ఏదైనా వదిలిపెట్టానా అని మళ్లీ తెరుస్తారు.

ఏ పుణ్యాత్ముడైన డాక్టరో, ‘ఇకమీదట రాత్రి నిద్రపోవడానికి ప్రయత్నించకండి, మెలకువ వస్తే కుర్చీలో కూర్చుని ప్రార్థన చేసుకోండి, మధ్యాహ్నం కునుకు అరగంటకు తగ్గించండి, రాత్రి పదిన్నర లోపు పడుకోకండి’ అని చెప్పిన ఇళ్లలో పరిస్థితి మారడం కనిపిస్తుంది. నిద్ర కోసం పాకులాడటం మానిన మనిషిని నిద్ర తనంతట తానే వెతుక్కుంటూ వస్తుందని వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్ వైద్యంగా వాడిన సూత్రమే ఇది. మొదటి వారం పెద్దాయన డాక్టరును తిట్టుకుంటారు. మూడో వారానికి కుర్చీలోకి వెళ్లే అవసరం సగానికి సగం తగ్గుతుంది. అయినా పదవీ విరమణను ఆయన బహిరంగంగా ప్రకటించరు. ఆదివారం కూడిక తరువాత తోటి పెద్దలు ‘రాత్రి ఎలా గడిచిందండి’ అని అడిగితే, ‘ఏం చెప్పమంటారండి, తెల్లవార్లూ ప్రార్థనలోనే ఉన్నానండి’ అని వినయంగా తల వంచుతారు. పక్కన చెంగు తల మీదికి సర్దుకుంటున్న భార్య ‘అవునండి, నిజమేనండి, ఆ ప్రార్థన గురక చప్పుడుకి నాకే కునుకు పట్టలేదండి’ అని పూర్తి చేస్తుంది.