సానబట్టిన మొహం

సూరత్ శివారు ఇచ్ఛాపూర్‌లో వజ్రాలకు, నగలకు ప్రత్యేకంగా ఒక పార్కే ఉంది. రాయిని సానబడితే మెరుస్తుంది. అది చూసే కాబోలు, ఇప్పుడు మొహాలనూ సానకు పెడుతున్నారు. పొద్దున విటమిన్ సి సీరం, రాత్రికి రెటినాల్, మధ్యలో విటమిన్ ఇ. మొహమా, మందుల షాపా?

సీసా మీద 'యాంటీఆక్సిడెంట్' అని గొప్పగా రాసి ఉంటుంది. తమాషా ఏమిటంటే, గాలీ వెలుతురూ తగిలితే ముందు ఆక్సీకరణ చెందేది ఆ విటమిన్ సీయే. నీళ్లలా ఉన్న సీరం టీ డికాక్షన్ రంగుకు తిరిగిందంటే దాని పని అయిపోయినట్టే. వచ్చిన కాపలాదారే ముందు పడిపోయాడన్నమాట! పైగా విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ ఆమ్లం, చర్మంలోకి దిగాలంటే పీహెచ్ 3.5 లోపు ఉండాలి. అంత పులుపు పూసుకుంటే మంటా ఎరుపూ రావా?

విటమిన్ ఇ సాధువనుకునేరు. 1992లో స్విట్జర్లాండ్‌లో విటమిన్ ఇ లినోలియేట్ కలిపిన సౌందర్య సాధనాలతో వందల మందికి దద్దుర్లు లేచాయి.

వజ్రానికి దురద పుట్టదు. మీరు రాయి కారు కనుక, కొత్త సీసాను కొన్నాళ్లు మోచేతి మడతలో రాసి చూశాకే మొహం దాకా రానివ్వండి. గర్భిణులైతే రెటినాల్ జోలికే పోకండి.