కరుణకు ఐదు శాతం

ఎంబీబీఎస్ చదివే పిల్లల మనసులో దయ పుట్టించే పనిని 2018లో మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నెత్తికెత్తుకుంది. వైఖరి, నైతికత, సంభాషణ మూడింటినీ కలిపి ‘ఎట్‌కామ్’ అని పేరు పెట్టి, 27 మాడ్యూళ్ల పుస్తకం తెచ్చింది. 2019 బ్యాచ్ నుంచి అది అమల్లోకి వచ్చింది. 2020లో కౌన్సిల్ పోయి నేషనల్ మెడికల్ కమిషన్ వచ్చినా మాడ్యూళ్లు మాత్రం చెక్కుచెదరలేదు. నిబంధనల ప్రకారం ఇంటర్నల్ అసెస్‌మెంట్‌లో దీనికి ఐదు శాతం వెయిటేజీ, యూనివర్సిటీ పరీక్షలో ప్రతి క్లినికల్ పేపర్‌లో కనీసం ఒక ప్రశ్న. మిగతా తొంభై అయిదు శాతం బాగా రాసినవాడికి దయ లేకపోయినా వచ్చే నష్టమేమీ లేదన్నమాట.

పుస్తకం చెడ్డదేమీ కాదు. ఆ మాటకొస్తే చాలా బాగుంది. మొదటి మాడ్యూల్ డాక్టరు కావడమంటే ఏమిటో అడుగుతుంది, రెండోది పేషెంటు కావడమంటే ఏమిటో అడుగుతుంది. ఐదోది శవమే మన తొలి గురువు అంటుంది. ఆ గురువుగారికి చాలా కాలేజీల్లో పువ్వులు పెట్టి, చేతులు కట్టుకుని ప్రమాణం చేసి మరీ డిసెక్షన్ మొదలుపెడతారు. వార్డులో బతికున్న మనిషికి ఆ యోగం లేదు. ఆయన పేరు ‘పదకొండో నంబరు బెడ్డు’, లేకపోతే ‘ఆ హెర్నియా’. డెబ్బై ఏళ్ల పెద్దావిడను ఇరవై రెండేళ్ల హౌస్‌సర్జన్ ‘ఏమ్మా, ఏమైంది నీకు, తొందరగా చెప్పు’ అంటాడు. ‘మీరు’ అనడానికి బడ్జెట్ కేటాయింపు అక్కర్లేదు కానీ, ఆ వార్డులో ఎవరూ అనగా అతను వినలేదు.

అసలు ఈ పిల్లలు ఎక్కడి నుంచి వస్తున్నారు? తెలుగునాట చాలామందికి దారి ఒక్కటే: రెండేళ్లు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో బైపీసీ, ర్యాంకు రాకపోతే మరో ఏడాది లాంగ్‌టర్మ్. అమ్మానాన్నలను చూడాలంటే ఔటింగ్ తేదీ రావాలి. పక్క మంచం మీది స్నేహితురాలు వీక్లీ టెస్టులో ఒక మార్కు ఎక్కువ తెచ్చుకుంటే నిద్ర పట్టదు. చివరికి నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, ప్రతి తప్పుకూ ఒక మార్కు కోత. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ తప్ప మరో సంగతి ఆ పరీక్షకు పట్టదు. సాటి మనిషిని పోటీదారుగా చూడటం ఇంత శ్రద్ధగా నేర్పి, మెడికల్ కాలేజీ గేటు దాటిన మర్నాడే ‘పరాయివాడి బాధను నీ బాధగా భావించు’ అని పవర్‌పాయింట్ వేస్తారు.

భావించినట్టు రుజువు కూడా కావాలి కాబట్టి లాగ్‌బుక్ వచ్చింది. అందులో విద్యార్థి తన ‘రిఫ్లెక్షన్’ రాయాలి, సార్ సంతకం పెట్టాలి. సీనియర్ల రిఫ్లెక్షన్లు జూనియర్లకు ఏటేటా ఆస్తిలా దిగుతుంటాయి. సబ్మిషన్ ముందురోజు రాత్రి హాస్టల్ అంతా ఒకే వృద్ధురాలి కన్నీళ్లు చూసి ఒకే విధంగా చలించిపోతుంది.

దయను ఇలా తంతుగా మార్చడం మనవాళ్లొక్కరి ఘనతే అనుకోనక్కర్లేదు. అమెరికాలో 1993లో కొలంబియా యూనివర్సిటీలో తెల్లకోటు వేడుక మొదలైంది. కొత్త విద్యార్థులకు పెద్దలు కోటు తొడిగి మానవత్వాన్ని గుర్తుచేస్తారు. ఆ కోటు కింద ఏం జరుగుతోందో ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ మెడికల్ కాలేజీ పరిశోధకులు కొలిచి 2009లో ప్రచురించారు. మొదటి రెండేళ్లూ విద్యార్థుల సహానుభూతి పెద్దగా మారలేదు. మూడో ఏడాదిలో గబుక్కున పడిపోయింది. మూడో ఏడాదంటే మరేం కాదు, పిల్లలు వార్డుల్లోకి అడుగుపెట్టి నిజమైన రోగులను, నిజమైన ప్రొఫెసర్లను చూసే ఏడాది. తరగతిలో విన్నది రౌండ్స్‌లో కరిగిపోయింది. దీనికి మన దగ్గర దొరికిన మందు, మరికొన్ని తరగతులు.

రౌండ్స్‌లో పిల్లలు చూసేదేమిటి? నిన్న పొద్దున డ్యూటీ ఎక్కి ఇంకా దిగని పీజీని. 1992లోనే కేంద్రం రెసిడెంట్ డాక్టర్లకు మామూలుగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు మించి డ్యూటీ వేయవద్దంది. 2023 పీజీ నిబంధనల్లో కమిషన్ అంకెల జోలికి పోకుండా ‘సబబైన’ పనిగంటలు అని రాసి ఊరుకుంది. ఎవరికి సబబో చెప్పలేదు. 2024లో కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు దాటకూడదని సిఫారసు చేసింది. 32 ఏళ్లలో 26 గంటల పురోగతి! ఆ 74 కూడా ఇంకా కోరికే. అదే టాస్క్‌ఫోర్స్ సర్వేలో తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉందని చెప్పిన ఎంబీబీఎస్ విద్యార్థులు 27.8 శాతం. తిండీ నిద్రా లేని మనిషి నుంచి ఓర్పును పిండటానికి ఎట్‌కామ్‌లో మాడ్యూల్ ఏదీ లేదు.

ఇక ఓపీ. దేశదేశాల్లో డాక్టరు రోగితో గడిపే సమయాన్ని లెక్కగట్టిన 2017 నాటి అధ్యయనంలో స్వీడన్‌ది 22.5 నిమిషాలు, బంగ్లాదేశ్‌ది 48 సెకన్లు. మనది దాదాపు రెండు నిమిషాలు. పాఠం ప్రకారం ఆ రెండు నిమిషాల్లోనే నమస్కారం పెట్టాలి, పేరు చెప్పుకోవాలి, కళ్లలోకి చూడాలి, అడ్డు తగలకుండా వినాలి. తెలుగు పేషెంటేమో ‘మా పెద్దమ్మాయి పెళ్లప్పుడు మొదలైంది బాబూ ఈ నొప్పి’ అంటూ ఎత్తుకుంటాడు. పెళ్లివారు దిగేలోపే చీటీ చేతికొస్తుంది.

ఈలోగా పెద్దలు తీరిక చేసుకుని ఏ ప్రమాణం చేయించాలా అని తగువు పడ్డారు. 2022లో మదురై మెడికల్ కాలేజీలో మొదటి ఏడాది పిల్లల చేత హిప్పోక్రటిస్ ప్రమాణానికి బదులు చరక శపథం చేయించారని డీన్‌ను పదవి నుంచి తప్పించి, కొద్ది రోజులకే మళ్లీ కూర్చోబెట్టారు. ఓపీ క్యూలో నిలబడ్డవాళ్లకు తమ డాక్టరు గ్రీకులో దయ చూపుతాడా, సంస్కృతంలో చూపుతాడా అన్న పట్టింపు ఉన్నట్టు లేదు.

పైవాళ్ల నైతికత సంగతి కూడా ఒకటుంది. 2025లో సీబీఐ పెట్టిన కేసులో కొన్ని ప్రైవేటు మెడికల్ కాలేజీలు తనిఖీల రోజున ఉత్తుత్తి అధ్యాపకులనూ ఉత్తుత్తి రోగులనూ చూపించాయని, అందుకు లంచాలు నడిచాయని ఆరోపణ. అది రుజువైతే, రోగి కావడమంటే ఏమిటో చెప్పే రెండో మాడ్యూల్‌ను ఆ కాలేజీలు మిగతావాళ్లకంటే లోతుగా అధ్యయనం చేసినట్టే.

కాబట్టి ప్రిన్సిపాళ్లకూ సూపరింటెండెంట్లకూ ఒక విన్నపం. ఇరవై ఎనిమిదో మాడ్యూల్ రాయించే ముందు పీజీల, హౌస్‌సర్జన్ల డ్యూటీ చార్టును ఓపీ గది బయట తెలుగులో అంటించండి. లోపల కూర్చున్న డాక్టరు ఎన్ని గంటలుగా కూర్చున్నాడో బయట నిలబడ్డవాళ్లు చదువుకుంటారు. దీనికి కొత్త పుస్తకం, కొత్త కమిటీ అక్కర్లేదు. 1992 నాటి ఉత్తర్వు ఒక్కటి బీరువాలోంచి తీస్తే చాలు.