కొత్త మైకు

ప్రసాద్స్ మల్టీప్లెక్సుని హైదరాబాదులో ఇప్పటికీ ఐమాక్స్ అనే అంటారు. 2003లో తెరిచినప్పుడు ఉన్న ఆ ఐమాక్స్ తెర పోయి చాలా ఏళ్లయింది. పేరు మాత్రం ఆటోవాళ్ల నోట్లోనూ, యూట్యూబు శీర్షికల్లోనూ నిలిచిపోయింది. శుక్రవారం పొద్దున ఎనిమిదీ నలభై అయిదు ఆట విడిచాక అక్కడ కాసేపు నిలబడితే టికెట్టు కొనకుండానే సినిమా తెలిసిపోతుంది. ‘ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్’ అనేవాడొకడు, ‘ఇంటర్వెల్ బ్యాంగ్‌కి గూస్‌బంప్స్’ అనేవాడొకడు, హీరో పేరు తప్ప ఇంకేమీ అననివాడొకడు. వాళ్ల చుట్టూ మైకులు. ఆ గుంపులో కొత్త మైకుని గుర్తుపట్టడం తేలిక. వాడొక్కడే మైకుని రెండు చేతులతో పట్టుకుంటాడు.

వీడు మనకు తెలిసినవాడే. తణుకు అవతల ఏదో ఊరివాడై ఉంటాడు. అమీర్‌పేటలో జావా నేర్చుకుంటానని బస్సెక్కి, కృష్ణానగర్లో తేలినవాడు. ఇంట్లోవాళ్లు ‘మావాడు మీడియాలో చేస్తున్నాడండి’ అని చెప్పుకుంటారు. సంబంధం చూడ్డానికొచ్చినవాళ్లు ‘ఏ ఛానలండీ?’ అంటే, యూట్యూబు అన్న మాట మింగేసి, ‘అన్నిట్లోనూ వస్తాడండి’ అంటారు. అది అబద్ధమేమీ కాదు. ఏ ఛానలు తిప్పినా హీరో గడ్డం కింద వీడి చెయ్యి కనిపిస్తూనే ఉంటుంది.

ఛానల్ పెట్టేవాడి మొదటి పెట్టుబడి కెమెరా కాదు, మైకూ కాదు, లోగో. మైకు మెడకు తొడిగే నాలుగు పలకల డబ్బా ఉంటుంది చూశారూ, అదన్నమాట. డబ్బున్నవాళ్లు ప్లాస్టిక్కులో చేయించుకుంటారు. వీడిది థర్మోకోల్. నాలుగు వైపులా కలర్ ప్రింటవుట్లు అంటించి, పైన సెల్లోటేపు చుట్టాడు. ఒకవైపు ఛానల్ పేరు తలకిందులుగా అతుక్కుంది. పీకితే థర్మోకోల్ కూడా ఊడొచ్చేలా ఉందని, ఆ పలకని తనకేసి తిప్పుకుని నెట్టుకురావాలని తీర్మానించుకున్నాడు. మైకు పక్క గది కుర్రాడు కరోకే పాడుకునేది. దాన్ని ఫోనుకి తగిలించే పిన్ను కోఠి గుజరాతీ గల్లీలో కొన్నాడు. కెమెరామన్ వరసకి బావమరిది. ఊళ్లో పెళ్లి వీడియోలు తీస్తాడు. ఆషాఢం కాబట్టి ఖాళీగా దొరికాడు.

ఇక ప్రశ్నలు. రిలీజు శుక్రవారమైతే గురువారం రాత్రే ప్రీమియర్లు వేస్తున్న రోజులివి. బుధవారం రాత్రంతా కూర్చుని లాంగ్‌నోట్‌బుక్కులో రాసుకున్నాడు. ‘ఈ పాత్రలోకి పరకాయప్రవేశం చేసే క్రమంలో మీలో చెలరేగిన అంతర్మథనం ఎటువంటిది?’ అనేది మొదటి ప్రశ్న. మిగతావి దీనికంటే పొడుగు. థియేటర్ దగ్గర పీఆర్వోకి ఆ పుస్తకం చూపించబోతే ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండానే నిబంధనలు చదివేశాడు. రెమ్యునరేషన్ అడక్కూడదు. పెళ్లి అడక్కూడదు. పోయినసారి సినిమా అస్సలు అడక్కూడదు. కథ అడిగితే ఊరుకునేది లేదు. ఇవన్నీ తీసేసి చూసుకుంటే ఆ పుస్తకంలో అట్ట మిగిలింది. దాని మీద ఎందుకైనా మంచిదని పెన్సిలుతో రాసుకున్న ‘ఎలా ఫీలవుతున్నారు?’ మిగిలింది.

ఈ ప్రశ్నని అందరూ వెక్కిరిస్తారు. నాకు మాత్రం దానిమీద గౌరవం. 1966లో మద్రాసులో విజయచిత్ర మొదలైన కాలంలో తారల చేత మాట్లాడించేవాళ్లకి స్టూడియో ఉండేది, సెట్టు మీద లైట్లు సర్దేదాకా తీరికా ఉండేది. ఆ పత్రికలో ఏళ్ల తరబడి పనిచేసిన రావి కొండలరావు గారైతే తానే నటుడు. అడిగే పనీ, మొహానికి రంగేసుకునే పనీ రెండూ ఎరిగిన మనిషి. ఇప్పటి కొత్త మైకుకి దక్కేది కారు తలుపు నుంచి లిఫ్టు దాకా. ఆ నడకలో అంతర్మథనం పట్టదు. ‘ఎలా ఫీలవుతున్నారు’ ఒక్కటే పడుతుంది. అదీ గొంతు సవరించుకోకుండా అడిగితేనే.

రాత్రి ఎనిమిది దాటాక బారికేడ్ దగ్గర చోటు కోసం యుద్ధం మొదలైంది. పాత మైకులకి మోచేతులు పదునెక్కి ఉంటాయి. వాళ్లు ఒక్క మాటా అనకుండానే కొత్త మైకుని పక్కపక్కకి జరిపి పూలకుండీ దాకా చేర్చారు. కుండీ దగ్గర బౌన్సరు నిలబడి ఉన్నాడు. ‘భాయ్, ఈడ నిలబడొద్దు, ఎన్నిసార్లు చెప్పాలె’ అన్నాడు. ‘ఇదే మొదటిసారండి’ అన్నాడు కొత్త మైకు, నిజాయితీగా. ఆ మాటకి బౌన్సరు ఎందుకో మెత్తబడి కుండీనే కాస్త జరిపాడు.

అక్కడ దొరికిన మొదటి బేరం టోపీ పెట్టుకున్న మనిషి. మాసిన టీషర్టు, నిద్రలేని కళ్లు, గోడకి చేరబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు. లోపల మొదటి ఆట ఇంటర్వెల్ దాటింది కదా, తలనొప్పొచ్చి బయటికొచ్చిన ప్రేక్షకుడనుకుని మైకు పెట్టేశాడు. ‘బ్రదర్, సినిమా ఎలా ఉంది?’

ఆ మనిషి ఉలిక్కిపడి, ‘బాగానే ఉందనుకుంటున్నా. సెకండాఫ్‌లో ఓ పది నిమిషాలు తీసేసుండాల్సింది’ అన్నాడు.

‘మరి రేటింగ్ ఎంతిస్తారండి?’

‘నేనివ్వకూడదేమో.’

ఇంతలో పీఆర్వో పరుగెత్తుకొచ్చి, ‘డైరెక్టర్ గారూ, మీరిక్కడున్నారా!’ అని ఆయన్ని లాక్కుపోయాడు. ఆ సినిమా మీద ఆ వారంలో వచ్చిన సమీక్షలన్నీ కలిపినా ఇంత సూటి మాట లేదు. కొత్త మైకు కంగారుపడి ఆ క్లిప్పు చెరిపేశాడు. డైరెక్టరుగారికి కోపమొస్తుందని భయమట.

తర్వాత హీరోయిన్. ముంబై అమ్మాయి. ‘అందరికీ నమస్కారం, బాగున్నారా’ అని బట్టీపట్టిన వాక్యాన్ని ప్రతి మైకుకీ సమానంగా పంచుకుంటూ వచ్చింది. కుండీ దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషులో ఏదో అంది. అంతే, కొత్త మైకుకి అమీర్‌పేట స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు మొదటి పాఠం తన్నుకొచ్చింది. ‘మేడమ్, మే ఐ నో యువర్ గుడ్ నేమ్ ప్లీజ్?’ అనేశాడు. ఆమె వెనకే పద్దెనిమిది అడుగుల ఫ్లెక్సీ మీద ఆమె బొమ్మ ఉంది, బొమ్మ కింద పేరూ ఉంది. ఆమె మాత్రం నొచ్చుకోలేదు. అక్షరం అక్షరం విడదీసి పేరు చెప్పింది. రెండో పాఠం ‘వాట్ ఆర్ యూ’. అదృష్టవశాత్తూ ఆలోగా లిఫ్టు వచ్చేసింది.

హీరోగారి కారు రాగానే ఈలలు, కాగితాల వాన. కారు తలుపు తెరుచుకోగానే కొత్త మైకు మొదలుపెట్టాడు: ‘నమస్కారమండి బాబూ, మాది తణుకు దగ్గరండి, మా నాన్నగారండి, మీ మొదటి సినిమా అప్పుడండి...’ గోదావరి జిల్లాల మర్యాదకి ప్రీమియర్ నడక చాలదు. ఒక్కొక్క ‘అండి’కీ హీరోగారు రెండడుగులు ముందుకి వేస్తున్నారు. పక్కనున్న పాత మైకు ఒక్క అరుపు అరిచాడు: ‘అన్నా, బొమ్మ బ్లాక్‌బస్టరా?’ హీరోగారు బొటనవేలు చూపించారు. వాడి పని అయిపోయింది. సాయంత్రం నుంచి వాడు నోరు తెరిచింది ఆ ఒక్కసారే.

మన వాడి పని కూడా అయిపోవలసిందే గానీ, బావమరిది ఉన్నాడు కదా. వాడికి కెమెరాలో కనపడ్డవాళ్లంతా పెళ్లివారే. ‘సార్, గడ్డం కొంచెం కిందికి దించండి. ఆఁ, అలా. మేడమ్, సార్‌కి ఇంకాస్త దగ్గరగా రండి. చెయ్యి భుజమ్మీద వెయ్యండి. నవ్వాలి మేడమ్, నవ్వాలి!’ అన్నాడు. మేడమ్ అంటే హీరోయిన్ కాదు, నిర్మాతగారి భార్య. అక్కడ ఒక్క క్షణం చీమ చిటుక్కుమనలేదు. తర్వాత హీరోగారు పగలబడి నవ్వారు, ఆగారు, ఏకంగా వెనక్కి తిరిగొచ్చి, ‘ఇప్పుడు అడుగు తమ్ముడూ’ అన్నారు.

అట్ట మీది ప్రశ్న అడిగాడు కొత్త మైకు. హీరోగారు బొటనవేలుతో సరిపెట్టలేదు. ప్రీమియర్ రోజు తనకి అన్నం సయించదనీ, థియేటర్లో జనం నవ్వాల్సిన చోట నవ్వకపోతే తెర వెనక్కి వెళ్లి దాక్కోవాలనిపిస్తుందనీ, ఇంకా ఏమేమో నిజంగా మనసులోవి చెప్పారు. పాత మైకులు గుండె బాదుకున్నాయి. వాళ్ల చేతులు కుండీ దాకా అందలేదు.

ఇంతకీ కొత్త మైకు రెండు చేతులూ వాడే మనిషన్నాను కదా. కంగారులో అడిగేటప్పుడు మైకు హీరోగారి నోటి దగ్గర పెట్టాడు, ఆయన చెప్పేటప్పుడు భక్తితో గుండెలకి హత్తుకున్నాడు. ఆ తెల్లవారుజామున గదిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నది ఇదీ: ‘ఆయ్... ఆయ్... అలాగాండి... అయ్యబాబోయ్... ఆయ్.’ మధ్యమధ్యలో వాడి గుండె చప్పుడు, అది మాత్రం చాలా స్పష్టంగా. ఫ్రేములో హీరోగారు చేతులు తిప్పుతూ ఉంటారు. వాడికేసి తిప్పుకోవలసిన తలకిందుల పలక కెమెరా వైపు తిరిగి ఉంది.

తారలందరూ లోపలికి వెళ్లిపోయారు. వీడికి టికెట్టు లేదు. సినిమా ముచ్చట్లు పోగుచేసేవాడికి సినిమా చూసే యోగం ఉండదనేది ఆ వృత్తిలో ఎవరూ ముందుగా చెప్పరు. ఛాయ్ బండి వైపు నడుస్తుంటే వెనక నుంచి ఎవరో పిలిచారు. ‘బాబూ, ఏ ఛానలు?’

ఆయన్ని మీరు చూసే ఉంటారు, పేరు తెలియకపోవచ్చు. హీరోయిన్‌కి తండ్రి, విలన్‌కి ప్లీడరు, కోడి పందెం ఆపడానికొచ్చే ఎమ్మార్వో. ఇస్త్రీ చేసిన లాల్చీలో స్కూటరు మీద వచ్చారు. సాయంత్రం నుంచీ ఒక్క మైకూ ఆయన వైపు తిరగలేదు. ‘అడుగు బాబూ, మొహమాటపడకు’ అని, కొత్త మైకు మణికట్టు పట్టుకుని, మైకుని తన గడ్డానికి నాలుగు వేళ్ల దూరంలో సరిగ్గా నిలబెట్టారు. పరిషత్తు నాటకాల్లో రాటుదేలిన గొంతు మరి. లోగో ఊడబోతుంటే సెల్లోటేపు కూడా ఆయనే నొక్కారు.

ఆ తర్వాత కథ తెనాలిలో మొదలైంది. మొదటి వేషం, రెండో వేషం, కర్టెన్ ఊడి నెత్తిన పడ్డ రోజు, మద్రాసు రైలు, దక్కిన డైలాగులు, ఎడిటింగులో పోయిన డైలాగులు. ఒకటే ప్రశ్న, అది కూడా ఆయనే వేసుకున్నారు. కొత్త మైకు భుజం పడిపోయింది, బావమరిది నేల మీద కూలబడిపోయాడు. లోపల ఆట విడిచి జనం బయటికొచ్చేసరికి ఆయన ఇంకా 1990ల్లోకి రాలేదు. అప్పుడు మాత్రం ఒక్కసారి గొంతు తగ్గించి, ‘ఈ సినిమాలో నా సీను ఉంచారో లేదో, ఎవరైనా అనగా విన్నావా?’ అని అడిగారు. వినలేదన్నాడు వీడు. ‘సరేలే, ఎక్కడున్నాం? ఆఁ, మద్రాసు’ అని మళ్లీ అందుకున్నారు.

వారం తిరిగింది. ఛానల్లో మొదటి వీడియో పడింది. హీరోగారు కళ్లు పెద్దవి చేసి ఉన్న థంబ్‌నెయిల్, ఎర్ర బాణం, ‘నా ప్రశ్నకి హీరో ఏం చేశాడో చూస్తే...’ అనే శీర్షిక. మాట వినిపించదు కాబట్టి పైన బీజీఎం వేశాడు. కింద కామెంట్లలో ‘లోగో తలకిందులైంది బ్రో’ అన్నవాళ్లే ఎక్కువ. వీడు ఇప్పుడు హీరోగారిని ‘అన్నయ్య’ అంటున్నాడు. ఆ మాట అన్నప్పుడల్లా బావమరిది దగ్గుతున్నాడు.

స్పష్టంగా వినిపించేది ఒక్కటే వీడియో. అది ఇంకా పెట్టలేదు. పొద్దున్నే ఫోను మోగుతుంది. ‘బాబూ, లింకు పంపలేదూ? పోనీలే, నెమ్మదిగా పెట్టు. అందులో మద్రాసు దాకానే చెప్పాను కదా. ఆదివారం ఖాళీయేనా? మా ఇంటికే వచ్చెయ్యి, మా ఆవిడ పెసరట్లు వేస్తుంది. ఆ లోగో కూడా పట్రా, గమ్ము నా దగ్గరుంది.’