షోరావు గారు

ఆయన అసలు పేరు రేషన్ కార్డులో ఉంది. మా వీధికి మాత్రం షోరావు గారే. ఈ పేరు ఎవరు తగిలించారో తెలీదు గానీ, తగిలించినవాళ్ళ మీద ఆయనకి కోపం లేదు. ఏదో ఒక పేరు జనం నోట్లో నానుతోందిగా, అది చాలు.

గోదావరి జిల్లాలో మాది ఓ చిన్న టౌను. ఇక్కడ జనం టైము చెప్పుకునేది సినిమా హాలుని బట్టే. "ఫస్ట్ షో వదిలాక రా" అంటే రాత్రి తొమ్మిదని పసిపిల్లలకి కూడా తెలుసు. సెకండ్ షో వదిలాక రోడ్డు మీద కనిపించేవాణ్ణి మా కుక్కలు సైతం దొంగ అనుకోవు. షోరావు గారు ఆఫీసుకి ఏ వేళకి వెళతారో ఎవరికీ తెలీదు కానీ, సాయంత్రం జనం హాల్లోకి వెళ్ళేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి ఎదురుగా కిళ్ళీకొట్టు దగ్గర నలగని చొక్కాతో నిలబడి ఉంటారు. సినిమా మాత్రం చూడరు. చీకట్లో మూడు గంటలు కూర్చుంటే మనల్నెవడు చూస్తాడండీ అంటారు. కొత్త సినిమాకి బెనిఫిట్ షో వేస్తే ఆ టికెట్టు ఎంతకైనా కొంటారు. దాన్ని చొక్కా జేబులోంచి సగం బయటికి కనపడేలా పెట్టుకుని వారం రోజులు తిరుగుతారు. ఆ షో వల్ల ఎవరికి బెనిఫిట్టో అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు.

ఇంటికి వెళితే ముందు గదిలో గోడంత షోకేసు. అందులో కొండపల్లి అంబారీ ఏనుగు, మూత తీయని సెంటు సీసాలు, ఎర్ర అట్టల లావుపాటి పుస్తకాలు ఆరు. పుస్తకాలు కర్టెన్ల రంగుకి సరిపోతాయని తెచ్చినవి. ఏం పుస్తకాలండీ అని అడిగితే, "ఇంగ్లీషువి" అన్నారు. పక్కనే షటిల్ పోటీల షీల్డు ఒకటి. పేరు చెక్కిన వైపు గోడకి తిప్పి ఉంది. మధ్య అరలో వాళ్ళ పెళ్ళినాటి పింగాణీ కప్పులు. ఇప్పుడు కొడుక్కి సంబంధాలు చూస్తున్నారు, కప్పుల అడుగున ధర చీటీలు ఇంకా ఊడలేదు. తాళంచెవి వాళ్ళావిడ నల్లపూసలకి పిన్నీసుతో వేలాడుతూ ఉంటుంది. నాకు ఎప్పుడూ స్టీలు గ్లాసులోనే కాఫీ. ఓసారి నా కళ్ళు అటు పోవడం గమనించి, "అయ్యో అన్నయ్యగారూ, అవి షోకండీ" అందావిడ నొచ్చుకుంటూ. ఆ మధ్య పెద్ద ఆఫీసరెవరో ఇంటికొచ్చారు. తాళం తీశారు, పంచదార కలిపారు, తీరా చూస్తే కప్పులో రెండు బల్లి గుడ్లు. ఆఫీసరు గారు కూడా స్టీలు గ్లాసులోనే తాగి వెళ్ళారు.

కారు సంగతి ఎక్కువ చెప్పను. షోరూమ్‌లో సీట్లకి తొడిగిన ప్లాస్టిక్ కవర్లు రెండు వేసవులు దాటినా తీయలేదు. ఎక్కినవాళ్ళు దిగేటప్పుడు చర్మం కొంచెం అక్కడ వదిలి దిగాలి. ధర అడిగితే ఎక్స్ షోరూమ్ రేటు చెప్పరు. ఆన్ రోడ్ రేటుకి ఫ్యాన్సీ నంబరు ఖర్చు కలిపి, ఆ పైన సున్నాలు సరిచేసి చెబుతారు.

ఆయన్ని అసలు చూడాల్సింది క్లబ్బులో, పేకాట బల్ల దగ్గర. పదమూడు ముక్కలూ ఎత్తి చూడగానే ఓ చిరునవ్వు నవ్వుతారు. చెత్త పడినా అదే నవ్వు. నాలుగు చుట్లు తిరక్కుండానే, పక్క బల్ల వాళ్ళు కూడా తలెత్తేలా "షో!" అని అరిచి ముక్కలు పరుస్తారు. పరిచాక చూస్తే లైఫే ఉండదు. రాంగ్ షోకి ఫుల్ కౌంటు, ఎనభై. "ఎనభై రాసుకోండి" అంటారు, రామాలయానికి చందా రాయించినట్టు. రమ్మీలో నైపుణ్యానిదే పైచెయ్యి అని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. అదీ మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో. పడిన ముక్కలు గుర్తుండాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి అన్నారు. పాపం ఆ న్యాయమూర్తులు షోరావు గారి ఆట చూడలేదు. నన్నడిగితే ఆయన చేసే ఇన్ని షోల్లోనూ ఎదుటివాడు వేలు పెట్టి లెక్క చూసేది ఇదొక్కటే. అయినా మానరు. గెలిచినవాడు చప్పుడు చేయకుండా డబ్బు జేబులో వేసుకుని పోతాడు, ఓడినా క్లబ్బంతా మాట్లాడుకునేది ఈయన గురించే కదా.

ఇక రోడ్ షో. 1982లో రామారావు గారు షెవర్లే వ్యానుని చైతన్యరథం చేసుకుని ఊళ్ళు తిరిగినప్పుడు ఈయన నిక్కర్లలో ఉన్నారు. రథం వెనక దుమ్ములో పరిగెత్తారట. ఆ రోజుల్లో దాన్నెవరూ రోడ్ షో అనలేదు, అయినా అసలు సిసలు రోడ్ షో అదే. వ్యాను మీద ఆ మనిషి నిలబడిన తీరు ఈయన మనసులో అలాగే నిలిచిపోయింది. మొన్నటి ఎన్నికల్లో మా పేటకి ఓ అభ్యర్థి వస్తే, తాను సర్కారు ఉద్యోగినన్న మాట కూడా మరిచి జీపు ఎక్కేశారు. మర్నాడు పేపరు జిల్లా పేజీలో ఫొటో వేశారు. అభ్యర్థి, ఆయన దండ, ఆ దండ వెనక షోరావు గారి కుడి చెవి.

ఆ పేపరు ఇరవై కాపీలు కొన్నారు. చెవి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి బంధువులందరికీ పంపారు. అందులో ఒకటి ఎలా వెళ్ళిందో ఆఫీసుకీ వెళ్ళింది. వారం తిరక్కుండా షోకాజ్ నోటీసు వచ్చింది. 1964 నాటి ప్రవర్తనా నియమావళిని ఉల్లంఘించి ఎన్నికల ప్రచారంలో పాల్గొన్నందుకు మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో తెలపాలని. మరొకరైతే మంచం పట్టేవారు. ఈయన ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి కిళ్ళీకొట్టు దగ్గరికి పట్టుకొచ్చారు. "చెవి చూసి పట్టేశాడండీ మా ఆఫీసరు!" అన్నారు, కళ్ళు మెరుస్తుండగా.

సూపరింటెండెంటు పాత స్నేహితుడు. రాత్రి ఇంటికొచ్చి నెమ్మదిగా చెప్పాడు. "ఒక్క ముక్క రాసెయ్యవయ్యా, ఆ చెవి నాది కాదని. చెవులు అందరికీ ఉంటాయి. ఫైలు అక్కడితో మూసేస్తారు." వాళ్ళావిడా బతిమాలింది. షోరావు గారు రాత్రంతా వరండాలో అటూ ఇటూ తిరిగారు. తెల్లారి జవాబు రాసి, చేతికి రసీదు తీసుకుని మరీ ఇచ్చి వచ్చారు. కార్బన్ కాపీ నాకూ చూపించారు.

"తమకు విన్నవించుకొనునది ఏమనగా, ఫొటోలో దండ వెనుక కనిపించుచున్న చెవి నాదే. పత్రికవారు ఫొటోను కత్తిరించుటలో అజాగ్రత్త వహించినందున ముఖము రాలేదు. ఇందులో నా తప్పేమీ లేదు. తమ సౌకర్యార్థం నా కలరు ఫొటోలు రెండు, నిలబడినది ఒకటి, కూర్చున్నది ఒకటి, ఇందు వెంట జతపరచడమైనది."