ఏలినవారికో ప్రశ్నపత్రం

2018లో అంతర్జాతీయ పిసా పరీక్ష పదిహేనేళ్ల పిల్లల ‘ప్రపంచ సామర్థ్యం’ కొలిచింది. ఎదుటివాడి కోణం అర్థమవుతుందా అన్నది అందులో ముఖ్యాంశం. మన దేశం ఆ పరీక్ష రాయలేదు. 2009 విడతలో తమిళనాడు, హిమాచల్ అట్టడుగున తేలాక మళ్లీ ఆ గడప తొక్కితే ఒట్టు!

ఆ పేపరు మన ఏలినవారికి పెడితే? 2015లో అమరావతి ప్రాంతంలోని తుళ్లూరు సర్కారు బడిలో ఒకటో తరగతిలో చేరిన బుడతడు 2025లో పది రాశాడు. ఈలోగా సింగపూర్ తరహా రాజధానిని కాగితాల మీద చూశాడు, మూడు రాజధానుల ముచ్చట విన్నాడు. 2023లో సర్కారు బడుల్లోకి టోఫెల్ ఇంగ్లిష్ పరీక్ష వచ్చింది, 2024 జనవరిలో ఐబీ అంతర్జాతీయ సిలబస్ కోసం ఒప్పందం కుదిరింది. ప్రభుత్వం మారగానే రెండూ అటకెక్కాయి.

దేనికైనా సర్దుకుపోతున్న పిల్లలకు, పంతుళ్లకు నూటికి నూరు వేయొచ్చు. ఎదుటివాడి కోణం పేపరు మాత్రం ఏలినవారే రాయాలి.